మూడో తలుపు: జోహానెస్‌బర్గ్ నుంచి రాబెన్ ద్వీపం దాకా

బుధవారం, జోహానెస్‌బర్గ్

టికెట్టు ఇచ్చిన అమ్మాయి నా ముఖం వైపు చూడనైనా చూడలేదు. చేతికొచ్చిన ముక్క మీద ‘శ్వేతజాతీయులు’ అని ఉంది. నా వెనక నిలబడ్డ జర్మన్ పెద్దాయనకు ‘శ్వేతేతరులు’ అని పడింది, ఆయన భార్యకు నాలాంటిదే దొరికింది. అపార్తీడ్ అంటే ఇక్కడ జాతుల్ని చట్టంతో విడదీసి ఉంచిన పాలన. ఆ పేరు మీద ఉన్న ఈ మ్యూజియంలో ఎవరికి ఏ జాతి టికెట్టు వస్తుందో చెప్పలేం. లోపలికి దారులు మాత్రం రెండు. భార్యాభర్తలు నవ్వుకుంటూ చెరో గేటులోంచి వెళ్ళారు. ఇనుప ఊచల అవతల ఆయన కనిపిస్తూనే ఉన్నాడు. కలిసి నడవడానికే లేదు. కాసేపటికి ఇద్దరిలో ఎవరూ నవ్వడం లేదు.

ఆ దారి పొడవునా గుర్తింపు కార్డుల నకళ్ళు మనిషెత్తున వేలాడుతుంటాయి. దక్షిణాఫ్రికాలో తెల్లవాళ్ళ పెత్తనం 1948లో పుట్టింది కాదు. 1913 నాటి భూమి చట్టమే నల్లజాతి వారికి దేశంలో సుమారు 7 శాతం నేలను మిగిల్చింది. 1936లో దాన్ని 13 శాతం దాకా పెంచారు. 1948 ఎన్నికల్లో మలాన్ నాయకత్వంలోని నేషనల్ పార్టీ గెలిచాక, అప్పటిదాకా ఇక్కడో నిబంధన, అక్కడో ఆచారంగా ఉన్నదంతా పకడ్బందీ శాసనమైంది. 1949లో జాతుల మధ్య పెళ్ళిళ్ళపై నిషేధం వచ్చింది. 1950లో జనాభా నమోదు చట్టం, నివాస ప్రాంతాల చట్టం, 1953లో పార్కుల నుంచి మరుగుదొడ్ల దాకా అన్నీ విడదీసే చట్టం వరసగా వచ్చాయి. ఈ చివరిదానిలో ఒక మాట దాచకుండా రాసుకున్నారు: విడివిడి సౌకర్యాలు సమానంగా ఉండనక్కర్లేదు.

వీటన్నిటికీ పునాది జనాభా నమోదు చట్టమే. మనిషి ఏ జాతివాడో ముందు తేలితేనే ఎక్కడ ఉండాలి, ఎవరిని పెళ్ళాడాలి, ఏ బడిలో చదవాలి అన్నవి తేలతాయి. మరి ఎలా తేల్చారు? చూడటానికి తెల్లగా ఉన్నాడా, నలుగురూ తెల్లవాడిగా అంగీకరిస్తున్నారా అన్నదే కొలమానం. అనుమానం వస్తే జుట్టులో పెన్సిలు గుచ్చి చూసిన అధికారులున్నారు. జారిపడితే ఒక జాతి, ఇరుక్కుపోతే ఇంకో జాతి. ఒకే తల్లి బిడ్డలు వేరువేరు జాతులుగా నమోదైన ఇళ్ళున్నాయి. చైనావాళ్ళు శ్వేతేతరులు. జపాన్‌తో వ్యాపారం పెరగగానే ఆ దేశస్తులు మాత్రం ‘గౌరవ శ్వేతజాతీయులు’ అయ్యారు.

అద్దాల పెట్టెలో ఉన్న పాస్‌బుక్ ముందు చాలాసేపు నిలబడిపోయాను. దీన్ని తెచ్చిన 1952 చట్టం పేరులో ‘పాస్‌ల రద్దు’ అన్న మాట ఉంది! పాత కాగితాలు రద్దు చేసి, వాటి స్థానంలో అన్నీ కలిపిన ఒక పుస్తకం ఇచ్చారు కాబట్టి రద్దేనట. జేబులో పట్టేంత పుస్తకం. ముందు ఫోటో, నంబరు, తెగ పేరు. తరవాత పన్ను కట్టినట్టు ముద్రలు. ఆ తరవాత నెలనెలా యజమాని సంతకం చేయాల్సిన గళ్ళు. నేను చూసినదానిలో ఒకే చేతి సంతకం పేజీల తరబడి కిందికి దిగుతూ పోయింది. ఒక్క గడి ఖాళీగా ఉంటే ఆ మనిషి నగరంలో ఉండే హక్కు ప్రశ్నార్థకం. అక్కడే పుట్టినవాడో, ఒకే యజమాని దగ్గర పదేళ్ళు పనిచేసినవాడో, పదిహేనేళ్ళు అనుమతితో ఉన్నవాడో తప్ప నల్లజాతి మనిషి పట్టణంలో 72 గంటలకు మించి ఉండకూడదు. 1916 నుంచి 1984 మధ్య పాస్ చట్టాల కింద జరిగిన అరెస్టులు, కేసులు కలిపి కోటీ డెబ్బై లక్షలకు పైనే. జనం ఈ చట్టాలను ఎందుకు వ్యతిరేకించారని అడిగేవారికి నేనైతే ఉపన్యాసం చెప్పను, ఈ పుస్తకం చూపిస్తాను. సమానత్వం అన్న ఆదర్శం సంగతి తరవాత. పాలు కొనడానికి వీధిలోకి వెళ్ళిన మనిషి రాత్రికి ఇంటికి వస్తాడో లేదో తెలియని బతుకు అది.

గురువారం, కాన్‌స్టిట్యూషన్ హిల్, సొవెటో

పాత కోట జైలు ఉన్న కొండ మీదే ఇప్పుడు దేశ రాజ్యాంగ న్యాయస్థానం ఉంది. కూల్చిన జైలు భాగం ఇటుకలు కోర్టు గోడల్లో వాడారు. కోర్టు హాలులోకి ఎవరైనా వెళ్ళి కూర్చోవచ్చు, ఎవరూ ఆపలేదు.

పక్కనే ‘నంబర్ ఫోర్’ జైలు. నల్లజాతి పురుష ఖైదీల కోసం కట్టింది. 1908లో గాంధీ ఇక్కడ ఖైదీగా ఉన్నారు. మన పాఠ్యపుస్తకాల్లో కనిపించని ఒక విషయం ఇక్కడ గుర్తుకొస్తుంది. తెల్లవారితో కలిపి ఉంచకపోతే అర్థం చేసుకోగలం గాని, నల్లవారితో ఒకే గాటన కట్టడం భరించలేనిదిగా తోచిందని ఆ జైలు అనుభవం గురించి ఆయనే రాశారు. అప్పటికి ఆయన వయసు 38. తరవాత ఆయన ఆలోచన ఎంత మారిందో వాదించుకోవచ్చు. ఆ వాక్యం మాత్రం అలాగే ఉంది, దాన్ని దాచిపెట్టడం వల్ల ఆయనకు ఒరిగేదేమీ లేదు. మిగతా ప్రయాణమంతా ఆ వాక్యం నా వెంటే వచ్చింది.

మధ్యాహ్నం సొవెటో, జోహానెస్‌బర్గ్ పక్కన నల్లజాతి వారిని ఉంచిన బస్తీ. క్లిప్‌టౌన్‌లో 1955 జూన్ 26న అపార్తీడ్ వ్యతిరేకులు తమ కోర్కెల ‘స్వేచ్ఛా పత్రం’ ఆమోదించిన మైదానం ఇప్పుడు పెద్ద చౌరస్తా. చుట్టూ బట్టల బేరాలు, టాక్సీల హారన్లు. ఈ దేశం ఇందులో నివసించే నల్లవారు, తెల్లవారు అందరిదీ అని ఆ పత్రం మొదలవుతుంది. ఆ ఒక్క మాటకే దేశద్రోహం కేసులో 156 మందిని నిలబెట్టారనిపిస్తుంది. 1961 నాటికి కేసు వీగిపోయింది, ఒక్కరికీ శిక్ష పడలేదు.

ఓర్లాండో వెస్ట్‌లోని హెక్టర్ పీటర్సన్ స్మారకం దగ్గర బడిపిల్లల గుంపు వచ్చింది. 1976 జూన్ 16న పోలీసుల తూటాకు చనిపోయిన పన్నెండేళ్ళ పిల్లవాడి పేరది. శామ్ న్జిమా తీసిన ఫోటోలో ఒక కుర్రాడు అతన్ని చేతుల మీద మోసుకుని పరుగెడుతుంటాడు, పక్కనే అక్క ఏడుస్తూ పరుగెడుతుంటుంది. ఆ రోజు పిల్లలు వీధిలోకి వచ్చింది లెక్కలు, సాంఘికశాస్త్రం వంటి పాఠాలు ఆఫ్రికాన్స్‌లో, అంటే డచ్చి నుంచి పుట్టిన పాలకుల భాషలో, చెప్పాలన్న ఉత్తర్వు మీద. పైకి చూస్తే బోధనాభాష గొడవ. లోపల ఉన్నది 1953 నాటి బంటూ విద్యాచట్టం. దాన్ని తెచ్చిన ఫెర్వూర్ట్ సెనెట్‌లో మొహమాటం లేకుండా చెప్పాడు: కొన్ని రకాల కూలిపనులకు మించి తెల్లవారి సమాజంలో నల్లవాడికి చోటు లేదు. చోటు లేనివాడికి గణితం నేర్పి ఏం లాభం అన్నది అతని తర్కం. ఆ పిల్లలకు పరీక్ష తప్పుతామన్న భయం ఉంది నిజమే. ఆ పరీక్ష పాసైనా తమకు ఒరిగేది ఏమీ ఉండదని తెలియడం అంతకన్నా పెద్దది.

శుక్రవారం, దారిలో

డర్బన్ వైపు ఎన్-3 రహదారి. గంటల తరబడి చదునైన గడ్డి నేల. హారిస్మిత్ దగ్గర బస్సు ఆగితే దిగి టీ తాగాను. ఇక్కడ టీ తాగడమూ చెప్పుకోదగ్గ విషయమే. ఈ ఊరు ఫ్రీ స్టేట్ రాష్ట్రంలో ఉంది. 1891 చట్టం ప్రకారం భారతీయులెవరూ ఈ రాష్ట్రంలో కాపురం ఉండరాదు. ఆ నిషేధం 1980ల నడిమి దాకా పుస్తకాల్లో ఉంది. జోహానెస్‌బర్గ్‌కూ డర్బన్‌కూ మధ్య తిరిగే భారతీయ వ్యాపారులు రాత్రి ఇక్కడ ఆగకుండా దాటిపోవాల్సిందే. కారు చెడిపోతే ఏం చేసేవారో!

పీటర్‌మారిట్స్‌బర్గ్ స్టేషను ఎర్ర ఇటుకల పాత కట్టడం. 1893 జూన్ 7 రాత్రి మొదటి తరగతి టికెట్టున్న గాంధీని ఇక్కడ పెట్టె నుంచి దించేశారు. ప్లాట్‌ఫాం మీద ఫలకం ఉంది. మనవాళ్ళు అక్కడ ఫోటోలు దిగుతారు, నేనూ దిగాను. ఒక మాట మాత్రం చెప్పాలి. ఆ రాత్రి ఆ రైలులో మొదటి తరగతి ఊసే తలవలేని మనుషులు ఎందరున్నారో ఏ ఫలకమూ చెప్పదు.

శనివారం, డర్బన్

ఉదయాన్నే క్వాముహ్లే మ్యూజియం. ఒకప్పుడు నల్లజాతి వారి వ్యవహారాలు చూసే మునిసిపల్ కార్యాలయం ఇదే. నగరానికి పనికి వచ్చిన ప్రతివాడూ అనుమతి ముద్ర కోసం ఇక్కడి వరసలో నిలబడేవాడు. డర్బన్ పద్ధతి అని పేరుపొందిన ఏర్పాటు ఎంత తెలివైనదో ఇక్కడే తెలిసింది. 1909 ప్రాంతం నుంచి జొన్న కల్లు కాచి అమ్మే హక్కు మునిసిపాలిటీ ఒక్కదానికే. ఇళ్ళలో ఆడవాళ్ళు కాచుకునే సంప్రదాయపు కల్లు నేరమైంది. నల్ల కూలీలు మునిసిపల్ కల్లు దుకాణంలో తాగితే ఆ లాభంతో వారి బారకాసులు కట్టారు, వారిని తనిఖీ చేసే గుమస్తాలకు, పోలీసులకు జీతాలిచ్చారు. అంటే తమ కాపలా ఖర్చు తామే గ్లాసు గ్లాసుగా కట్టుకున్నారు. 1959లో డర్బన్‌లోని కేటో మేనర్ బస్తీ ఆడవాళ్ళు కర్రలు పట్టుకుని కల్లు దుకాణాల మీద పడ్డారంటే ఆశ్చర్యమేముంది? కల్లు కాచుకుంటే పిల్లల తిండికి నాలుగు డబ్బులు దొరికేవి. ఆ డబ్బులను కొల్లగొట్టినవాడి గల్లాపెట్టె మీదే వాళ్ళు పడ్డారు.

ఈ ఊళ్ళో ఇంకో సంగతి. 1890ల్లో డర్బన్ తపాలా కార్యాలయానికి రెండు తలుపులుండేవి. ఒకటి తెల్లవారికి, రెండోది నల్లవారికీ ఆసియావారికీ కలిపి. ఇది అవమానమని గాంధీ, నేటాల్ ఇండియన్ కాంగ్రెస్ అధికారులకు రాశారు. ఫలితంగా మూడో తలుపు పెట్టించారు, భారతీయులకు ప్రత్యేకంగా. దీన్ని విజయంగా నివేదికలో రాసుకున్నారు కూడా. వేరుచేసే చట్టం ఎలా పనిచేస్తుందో ఇంతకన్నా సూటిగా చెప్పే ఉదాహరణ నాకు తెలియదు. పైనున్నవాడు అందరినీ ఒకేలా తొక్కడు. ఒకడికి ఒక మెట్టు ఎక్కువిస్తాడు. ఆ మెట్టు మీద నిలబడ్డవాడు కిందివాడికి దూరం జరుగుతాడు.

భారతీయులందరూ మూడో తలుపుతో తృప్తిపడి ఆగిపోలేదు, అదే డర్బన్ చరిత్రలో బలమైన భాగం. భూమి కొనుగోళ్ళను కట్టడి చేసే చట్టం 1946లో వచ్చినప్పుడు జనం దాన్ని ‘ఘెట్టో చట్టం’ అన్నారు. గేల్ వీధి, అంబిలో రోడ్డు కలిసే చోట తెల్లవారికి కేటాయించిన ఖాళీ స్థలంలో గుడారాలు వేసి కూర్చున్నారు. రాత్రిళ్ళు తెల్ల కుర్రాళ్ళ మూకలు వచ్చి కొట్టేవి. సుమారు రెండు వేలమంది జైళ్ళకు వెళ్ళారు. ఆ ఏడాదే భారతదేశం దక్షిణాఫ్రికాతో వాణిజ్యం తెంచుకుని, విషయాన్ని ఐక్యరాజ్యసమితికి తీసుకెళ్ళింది. ఇంకా స్వాతంత్ర్యం కూడా రాని దేశం! 1947 మార్చిలో భారతీయ నాయకులు డాక్టర్ నాయకర్, డాక్టర్ దాదూ, నల్లజాతి వారి సంస్థ ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్ అధ్యక్షుడు డాక్టర్ జూమా కలిసి పోరాడాలన్న ఒప్పందం మీద సంతకాలు చేశారు. ముగ్గురూ వైద్యులే, అందుకే డాక్టర్ల ఒప్పందం అంటారు. నా దృష్టిలో మూడో తలుపును పీకి పారేసే పని మొదలైంది అక్కడే.

సాయంత్రం సముద్రం ఒడ్డున బ్రెడ్డు డొల్లలో కూర నింపిన ‘బన్నీ చౌ’ తిన్నాను. భారతీయుల హోటల్లో నల్లవారు కూర్చోకూడదు కాబట్టి చేతికిచ్చి పంపడానికి పుట్టిందని ఒక కథ. ఇంకో రెండు మూడు కథలూ ఉన్నాయి. రుచి మాత్రం అమోఘం, కారం మన గుంటూరుకు ఏమాత్రం తీసిపోదు. ఇదే తీరంలో ఫలానా మేర స్నానాలు తెల్లజాతి వారికి మాత్రమేనని మునిసిపల్ బైలా 37వ సెక్షన్ను చూపుతూ ఇంగ్లీషు, ఆఫ్రికాన్స్, జులూ భాషల్లో బోర్డులుండేవి. 1989 నాటి ఫోటోల్లోనూ ఆ బోర్డు కనిపిస్తుంది. నేను అప్పటికే బడికి వెళ్తున్నాను.

ఆదివారం, చాట్స్‌వర్త్, ఇనాండా

1860 నవంబరు 16న మద్రాసు నుంచి ‘ట్రూరో’ ఓడ డర్బన్‌లో 342 మందిని దించింది. 1911 దాకా లక్షా యాభై రెండు వేలమంది ఒప్పంద కూలీలు వచ్చారు. మద్రాసు ఓడలు ఎక్కినవారిలో గంజాం, విశాఖ, గోదావరి జిల్లాల తెలుగువాళ్ళు చాలామంది. 1931లోనే ఇక్కడ ఆంధ్ర మహాసభ ఏర్పడింది. ఇప్పటికీ ఫోన్లలో, దుకాణాల బోర్డుల మీద నాయుడులు, అప్పలస్వాములు కనిపిస్తారు.

పరిచయస్తుల ద్వారా ఒక పెద్దావిడ ఇంటికి వెళ్ళాను. డెబ్బై దాటిన మనిషి. ఇంగ్లీషులోనే మాట్లాడింది. నేను ‘అమ్మా’ అని పిలిచినప్పుడు మాత్రం చటుక్కున తెలుగులోకి వచ్చి, “కూకో బాబూ, అన్నం తిన్నావా?” అంది. ఆ రెండు మూడు వాక్యాలు అయిపోగానే మళ్ళీ ఇంగ్లీషు. ఆవిడ పుట్టింది ఊరి నడిబొడ్డున ఉన్న మ్యాగజైన్ బారక్స్‌లో. మునిసిపాలిటీలో చెత్త ఎత్తే, రోడ్లు ఊడ్చే తెలుగు, తమిళ కూలీల వసతి అది. ఒక్క గది ఇళ్ళు, వరసకు ఉమ్మడి కుళాయి. గుడి, బడి, ఫుట్‌బాల్ జట్టు, నాటకాల బృందం అన్నీ ఆ గోడల లోపలే. నివాస ప్రాంతాల చట్టం కింద 1960ల్లో వారందరినీ ఊరికి దూరంగా ఈ చాట్స్‌వర్త్‌కు తోలేశారు.

“ఇల్లు పెద్దదే ఇచ్చారు” అంది ఆవిడ. “మా నాన్న తెల్లవారుజామున రెండున్నరకు లేచి బస్సు కోసం నడిచేవాడు. అంతకుముందు పనికి నడిచి వెళ్ళేవాడు, పది నిమిషాలు.” చట్టం ఎందుకు చెడ్డదో అడిగితే ఆవిడ ఏ సిద్ధాంతమూ చెప్పలేదు, బస్సు చార్జీలు చెప్పింది.

కిటికీలోంచి కొండ కిందికి చూపిస్తూ, అవతల నది దాటితే ఉమ్లాజీ అని చెప్పింది. నల్లజాతి వారిని ఉంచిన బస్తీ అది. తెల్లవాళ్ళ పేటలకూ ఉమ్లాజీకీ మధ్యలో భారతీయులను పెట్టారు. అడకత్తెరలో పోకచెక్క అంటే ఇదే. ఈ అడ్డుగోడ ఎంత ప్రమాదమో అంతకుముందే, 1949 జనవరిలో తేలింది. భారతీయ దుకాణదారు ఒక ఆఫ్రికన్ కుర్రాడిని కొట్టడంతో రేగిన అల్లర్లలో 142 మంది చనిపోయారు. కేటో మేనర్‌లో నల్లవారు ఉండే గుడిసెల స్థలాలు చాలామటుకు భారతీయులవి. అద్దెలు వసూలు చేసిన చేతులూ మనవే. ఆవిడ ఆ మాట తానే ఎత్తింది, నేను అడగలేదు.

1984 సంగతి అడిగితే ఆవిడ గొంతు మారింది. ఆ ఏడాది ప్రభుత్వం కొత్త పార్లమెంటు పెట్టింది. తెల్లవారికొక సభ, మిశ్రమజాతి వారికొకటి, భారతీయులకొకటి. దేశంలో అత్యధికులైన నల్లవారికి ఏదీ లేదు. మళ్ళీ మూడో తలుపే, ఈసారి ఏకంగా పార్లమెంటుకు. “మా వీధిలో ఓటు అడగడానికి వచ్చినవాళ్ళకు మంచినీళ్ళిచ్చాం, ఓటు ఇవ్వలేదు” అంది. ఆ ఎన్నికల్లో నమోదైన భారతీయ ఓటర్లలో ఓటు వేసినవారు ఐదో వంతు మాత్రమే. తొంభై ఏళ్ళ కిందట అడిగి తెచ్చుకున్న దాన్ని, ఇంటికి తెచ్చిస్తామన్నా వద్దన్నారు.

సాయంత్రం ఇనాండా. గాంధీ 1904లో పెట్టిన ఫీనిక్స్ ఆశ్రమానికి కాస్త దూరంలో జాన్ దూబే స్థాపించిన ఓలాంగే విద్యాలయం ఉంది. ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్‌కు 1912లో తొలి అధ్యక్షుడు దూబే. 1994 ఏప్రిల్ 27న మండేలా జీవితంలో మొదటిసారి ఓటు వేయడానికి ఎంచుకున్నది ఈ బడినే. గేటు వేసి ఉంది, బయటినుంచే చూశాను.

సోమవారం, కేప్‌టౌన్

పాత మెథడిస్టు చర్చిలో ఉన్న డిస్ట్రిక్ట్ సిక్స్ మ్యూజియం నేల మీద ఆ పేట వీధుల పటం గీసి, పైన ప్లాస్టిక్ పరిచారు. అక్కడ ఉన్నవాళ్ళు వచ్చి తమ ఇంటి గుర్తు దగ్గర పేరు రాసి వెళ్ళారు. కొందరు ఇంటి నంబరు, ఇంకొందరు దుకాణం పేరు రాశారు. 1966 ఫిబ్రవరి 11న ఈ పేటను తెల్లవారి ప్రాంతంగా ప్రకటించి, తరవాతి ఏళ్ళలో 60,000 మందికి పైగా ఖాళీ చేయించారు. మసీదులు, చర్చిలు తప్ప అన్నీ నేలమట్టం. కూల్చివేత పనిలో ఉన్న మనిషే ఒకడు వీధుల పేర్ల పలకలను దాచి ఉంచాడు. అవిప్పుడు నిచ్చెన మెట్లలా పైకప్పు దాకా వేలాడుతున్నాయి. ఖాళీ చేయించిన నేల చాలామటుకు దశాబ్దాలు బీడుగానే పడి ఉంది. అక్కడ కట్టడానికి సంస్థలు ముందుకు రాలేదు.

క్వీన్ విక్టోరియా వీధిలో కోర్టు భవనం ముందు రెండు బెంచీలున్నాయి. ఒకదాని మీద ‘తెల్లవారికి మాత్రమే’, రెండో దాని మీద ‘తెల్లవారు కానివారికి మాత్రమే’. జాతి మార్పు అప్పీళ్ళు విన్నది ఈ భవనంలోనే. ఇద్దరు ఆఫీసు ఉద్యోగులు మొదటి బెంచీ మీద కూర్చుని పొట్లం విప్పి తింటున్నారు, ఇద్దరూ నల్లవాళ్ళే, రాత వైపు చూడటం లేదు. ఊళ్ళలో రెండు గ్లాసుల టీ కొట్ల కథలు విని పెరిగినవాణ్ణి కాబట్టి నేను మాత్రం చాలాసేపు చూశాను. మన దగ్గర ఆ గ్లాసులను ఏ మ్యూజియంలోనూ పెట్టినట్టు గుర్తులేదు.

మంగళవారం, రాబెన్ ద్వీపం

గాలి ఎక్కువగా ఉండి పడవ ఆలస్యమైంది. ద్వీపంలో జైలు చూపించేది ఒకప్పుడు అక్కడే శిక్ష అనుభవించిన రాజకీయ ఖైదీలే. మండేలా గది ముందు అందరూ ఎగబడ్డారు. నాకు కనిపించింది కిటికీ, కంబళి, బకెట్టు, అంతే. ఆయన 27 ఏళ్ళ నిర్బంధంలో 18 ఏళ్ళు ఇక్కడే.

నేను వచ్చింది నిజానికి భోజనాల పట్టిక కోసం. పెద్ద గదిలో దాని నకలు ఉంది. ఖైదీలకు ‘బి’, ‘సి’ అని రెండు వరసలు. మిశ్రమజాతి, ఆసియా ఖైదీలు ‘బి’, ఆఫ్రికన్లు ‘సి’. మాంసం ‘బి’కి ఆరు ఔన్సులు, ‘సి’కి ఐదు. జామ్ ‘బి’కి ఒక ఔన్సు, ‘సి’కి లేదు. బట్టల్లోనూ అంతే. 1964లో రివోనియా కేసులో మండేలాతో పాటు ఒకే రోజున యావజ్జీవం పడిన, భారతీయ సంతతికి చెందిన అహ్మద్ కథ్రాడాకు పొడవు ప్యాంటు ఇచ్చారు, మండేలాకు పొట్టి నిక్కరు. ఆఫ్రికన్ మగవాడు ఎంత వయసొచ్చినా పనికుర్రాడే అని గుర్తుచేయడానికి.

మా గుంపులో ఒకావిడ అడిగింది, ఆ జామ్ తీసుకున్నవాళ్ళు ఎలా తిన్నారని. మార్గదర్శి నవ్వి, ఆ ప్రశ్న ఖైదీలు కూడా వేసుకున్నారన్నాడు. ఎక్కువ వచ్చినదాన్ని తిరస్కరించాలా అన్న చర్చ నిజంగానే జరిగింది. తేలినదేమిటో కథ్రాడా తరవాతి కాలంలో చెప్పారు: ఉన్నదాన్ని వదులుకోవడం కాదు, అందరికీ ఆ పై మెట్టు దక్కేలా పోరాడాలి. డర్బన్ పెద్దావిడ వీధిలో వద్దన్నారు, ఇక్కడ అందరికీ ఇమ్మన్నారు. పైకి ఎదురెదురు దారుల్లా ఉన్నా, కిందివాడికి దూరం జరగడం రెండింటిలోనూ లేదు.

అర్జీలు పెట్టారు, నిరాహార దీక్షలు చేశారు, పని మందగింపజేశారు. అన్ని జాతుల ఖైదీలకూ ఇకపై ఒకే తిండి అని జైలు అధికారులు ప్రకటించింది 1979లో. రివోనియా కేసు ఖైదీలు అప్పటికి ఈ ద్వీపంలో పదిహేనేళ్ళు పూర్తి చేశారు.